నచ్చింది, నచ్చలేదు – ఆ తరువాత?

(ఏలూరు–గూడెం భోజనశాలల గురించీ, ఒక చీకటి సినిమా గురించీ కొన్ని సొంత అభిప్రాయాలు)

మన విద్యార్థుల మధ్య ఎంతకాలమైనా తెగని వాదనలు రెండున్నాయి. ఒకటి, ఏ హోటల్లో భోజనం బాగుంటుందనేది. రెండవది, ఏ సినిమా గొప్పదనేది. రాజకీయాల మీద వాదనలు ఎన్నికలతో చల్లారతాయి. పరీక్షల మీద వాదనలు ఫలితాలతో చల్లారతాయి. ఈ రెండు మాత్రం హాస్టల్ మెట్ల మీద మొదలై, రైలు ప్లాట్‌ఫారం మీద సాగి, ఇరవై ఏళ్ళ తరువాత పూర్వ విద్యార్థుల సమావేశంలో ఆపినచోటి నుంచే మళ్ళీ అందుకుంటాయి.

వాదన వుండడంలో తప్పేమీ లేదు. అయితే ఈ వాదనలన్నీ రెండే రెండు మాటల మీద నడుస్తూ వుంటాయి. 'సూపరు' అనేది ఒకటి, 'వేస్టు' అనేది రెండవది. ఎందుకు సూపరో, దేనికి వేస్టో కాస్త వివరించమని అడిగితే, 'నాకు నచ్చలేదు, అంతే' అని జవాబు వస్తుంది. అక్కడితో మాట ఆగిపోతుంది. అసలు మాట అక్కడే మొదలు కావాలని నా మనవి.

తెలుగులో నాలుకకు తెలిసేది రుచి, మనసుకు తెలిసేది అభిరుచి. రెండింటికీ పుట్టుక ఒక్కటే. కాబట్టి హోటలునూ సినిమానూ ఒకే వ్యాసంలో కలపడం విడ్డూరమేమీ కాదు. హోటళ్ళకు మనకు తెలిసిన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి చుట్టుపక్కల వూళ్ళు చాలు. సినిమాకు 2008లో వచ్చిన ఇంగ్లీషు చిత్రం 'ది డార్క్ నైట్' తీసుకుంటున్నాను. ఎందుకంటే ఆ సినిమా చివర ఒక ప్రశ్న వుంది: వూరి మంచి కోసం వూరికి అబద్ధం చెప్పవచ్చునా? ఆ ప్రశ్న మన హోటళ్ళ బోర్డుల మీద కూడా వుందని నా అభిప్రాయం. అదెలాగో ముందు చెబుతాను.

అభిప్రాయం సాక్ష్యం వంటిది

కోర్టులో సాక్షిని 'ముద్దాయి మంచివాడా, చెడ్డవాడా?' అని అడగరు. నువ్వు ఎక్కడ నిలబడ్డావు, ఎంత దూరాన వున్నావు, అప్పుడు వెలుతురు ఎంత వుంది, ఏం చూశావు అని అడుగుతారు. అభిప్రాయం చెప్పేవాడు కూడా సాక్షే. అతను నాలుగు సంగతులు చెప్పాలి. ఎప్పుడు తిన్నాడు (లేక చూశాడు)? ఎంత ఖర్చు పెట్టి, ఏం ఆశించి వెళ్ళాడు? అవతలివాడు ఏం చేయబోయాడు? చేయబోయినది చేయగలిగాడా? ఈ నాలుగూ చెప్పిన తరువాత 'నచ్చలేదు' అంటే ఆ మాటకు విలువ వుంటుంది. వినేవాడు తన సంగతి తను తేల్చుకోగలుగుతాడు.

ఉదాహరణకు ఇడ్లీ తీసుకోండి. 'ఫలానా చోట ఇడ్లీ పులుపు' అని ఒకాయన అన్నాడనుకుందాం. ఏ నెలలో తిన్నాడు? మినప్పిండి పులవడం సూక్ష్మజీవుల పని. మే నెలలో మన ఏలూరు వేడికి రాత్రి రుబ్బిన పిండి తెల్లవారకముందే పొంగి, పొద్దెక్కేసరికి పులిసిపోతుంది. డిసెంబరులో అదే పిండి, అదే చెయ్యి, అదే గిన్నె – తెల్లవారినా బద్ధకంగా కూర్చుని వుంటుంది. కనుక ఎండాకాలం ఉదయం పదిన్నరకు తిన్న ఇడ్లీ మీద ఇచ్చిన తీర్పు, ఇడ్లీ మీద కంటే ఎండ మీద ఇచ్చిన తీర్పు అవుతుంది.

ఉదయం పూట

కృష్ణ నుంచి వచ్చే కాలువ, గోదావరి నుంచి వచ్చే కాలువ కలుసుకునే వూరు మన ఏలూరు. వంటలో కూడా రెండు వైపుల వాటమూ ఇక్కడ కనిపిస్తుంది. పెసరట్టులో ఉప్మా పెట్టి అల్లం పచ్చడితో ఇచ్చేవారున్నారు. గోదావరి వైపు వెళ్ళేకొద్దీ దిబ్బరొట్టె మూకుడులోంచి దిగుతుంది. పైన ఎర్రగా కరకర, లోపల తెల్లగా మెత్తన. దానికి పానకం తోడైతే ఇక మాటలుండవు.

టిఫిను దుకాణాన్ని పరీక్షించాలంటే నేను పెసరట్టునే అడుగుతాను. కారణం వుంది. మినపట్టు పిండి పులవాలి కాబట్టి నిన్నటిది వుండి తీరుతుంది. పెసరపిండి పులవకూడదు. నాలుగైదు గంటలు నానబెట్టి, ఆ పూటకు ఆ పూటే రుబ్బుకోవాలి. నిన్న మిగిలిన పెసరపిండిని ఎవరూ దాచలేరు. అట్టు పెనం మీద పడగానే వాసనే చెబుతుంది. పెసరట్టు బాగున్న దుకాణంలో తక్కినవి కూడా నమ్మి తినవచ్చునని నా అనుభవం.

ఇంకొక పరీక్ష ఉల్లిపాయ. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు పేరు తెలియనివారు ఈ ప్రాంతంలో వుండరు. కర్నూలు సరుకూ, మహారాష్ట్ర సరుకూ అక్కడ దిగుతాయి. ఆ మార్కెట్టులో ధర పెరిగిన వారం రోజులకే చాలాచోట్ల అట్టు మీది ఉల్లిపాయ ముక్కలు సన్నబడతాయి, ఇంకొంచెం పెరిగితే మధ్యలో క్యాబేజీ ప్రవేశిస్తుంది. దీన్ని మోసమనను. ఇరవై రూపాయల తేడాకు అలవాటు ఖాతాదారు మరో వీధికి వెళ్ళిపోతాడని భయం వున్న చిన్న వ్యాపారి ఏం చేస్తాడు? అయితే, 'ఉల్లిపాయ ధర మండిపోతోందండీ, ఈ వారం వేయడం లేదు' అని పైకి చెప్పే దుకాణాలు కొన్ని వున్నాయి. నేను ఎక్కువ గౌరవించేది వాటిని.

మధ్యాహ్నం పూట

మధ్యాహ్నానికి విద్యార్థికి దిక్కు మెస్సు. ఫుల్ మీల్స్ అనే ఏర్పాటులో చిత్రమైన లెక్క వుంది. ధర నిర్ణయమై వుంటుంది, తినేది మాత్రం నిర్ణయం కాదు. కాబట్టి యజమాని పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నింటినీ ఒక కొలతలో పెట్టుకుని, అన్నం మాత్రం ధారాళంగా వడ్డిస్తాడు. మనది వరి సీమ కావడం ఇందుకు కలిసివచ్చింది. పశ్చిమగోదావరిలోని మార్టేరు పరిశోధనా స్థానంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ రకం దేశంలో ఎన్నో రాష్ట్రాలకు పాకింది. అయినా మన మెస్సులో మనవాడికి సన్నన్నమే కావాలి. పండించేది ఒకటి, తినగోరేది ఒకటి.

మెస్సును మొదటి వడ్డనతో కొలవకూడదు. మొదటి వడ్డన ఎక్కడైనా బాగానే వుంటుంది. రెండవసారి పప్పు అడిగినప్పుడు గరిటె ఎలా వచ్చిందో చూడాలి. గరిటె నిండుగా వస్తే అది భోజనం. అంచుకు తగిలించి విదిలిస్తే అది వ్యాపారం. చివరగా మజ్జిగ. ఉప్పు, కరివేపాకు, ఒక్క మిరపకాయ పడిన మజ్జిగలో ఆ వంటవాడి మనసు తెలిసిపోతుంది, ఎందుకంటే దానికి ఎవరూ డబ్బులు వేరే ఇవ్వరు.

సాయంత్రం జాతీయ రహదారి మీద వెలిగే బిర్యానీ హోటళ్ళ గురించి మిత్రులు నన్ను క్షమించాలి. రంగు దీపాలు, రంగు అన్నం. బిర్యానీ మన వూరికి చుట్టపుచూపుగా వచ్చి, మంచం వేసుకుని స్థిరపడిపోయింది. రాకూడదని కాదు. కానీ చుట్టం వచ్చాడని ఇంట్లోవాళ్ళను వీధిలో పడుకోబెట్టినట్టు, చేపల పులుసును మెనూ అట్ట చివరికి నెట్టడం నాకు నచ్చదు. దెందులూరు నుంచి గూడెం దాకా ఎక్కడ ఆగినా అదే బిర్యానీ, అదే ఎర్ర రంగు కోడి. ఇంత చేపల సీమలో చేప అడిగితే 'అరగంట పడుతుందండీ' అంటారు!

బోర్డు మీది చేప

ఇక అసలు సంగతి. ఈ దారిలో చాలాచోట్ల 'కొల్లేరు చేపల పులుసు' అని బోర్డు కనిపిస్తుంది. ఆ మాట చదవగానే మన కళ్ళముందు ఒక సరస్సు, అందులో దోనె, వలలో తళతళలాడే చేప కదులుతాయి. మరి పళ్ళెంలోకి వచ్చేది ఏమిటి?

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో వున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు నీళ్ళు తెస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. అంటే వచ్చే దారులు చాలా, పోయే దారి ఒకటి. పాత రోజుల్లో సరస్సులో తమంతట తాము పెరిగే చేపలనే పట్టేవారు – కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, వాలుగ. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల ద్వారా చెరువుల పెంపకాన్ని ప్రోత్సహించింది. తరువాత డబ్బున్నవారు దిగారు. గట్లు పెరిగాయి, సరస్సు గడులు గడులుగా మారింది. ఆ చెరువుల్లో పెరిగేవి ముఖ్యంగా బొచ్చె, శీలావతి. ఆ పైన పంగస్, రూప్‌చంద్ వచ్చాయి. ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తా దాకా వెళ్ళే చేప ఇదే.

1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో చెరువుల గట్లను పెద్ద ఎత్తున కొట్టివేశారు. కొన్నిచోట్ల మళ్ళీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీళ్ళు ఇటే వచ్చాయి, లంక గ్రామాల వాళ్ళు పడవల మీద తిరిగారు. ఆటపాకలో గూడబాతులను చూసి మురిసిపోయే మనం, అదే నీటి పక్కన గట్టు ఎవరిది, బతుకు ఎవరిది అన్న తగవు ఇంకా తేలలేదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇదంతా హోటలు కబుర్లలో ఎందుకంటారా? పళ్ళెంలోది చాలావరకు చెరువు చేపే కాబట్టి. చెరువు చేప చెడ్డదని నేను అనడం లేదు. శీలావతి వేపుడుకు దివ్యంగా వుంటుంది. బొచ్చె తలకాయ పులుసుకు సాటి లేదు. నిలవనీటి చేపకు ఒక్కొక్కప్పుడు బురద వాసన వుంటుంది. నీటిలోని నాచు, సూక్ష్మజీవులు తయారుచేసే ఒక పదార్థం వల్ల వచ్చే వాసన అది. పులుపు తగిలితే ఆ పదార్థం విరిగిపోతుంది. మన పెద్దవాళ్ళకు రసాయనశాస్త్రం తెలియకపోయినా, ఉప్పు, పసుపు, నిమ్మరసంతో రుద్ది కడగడం, చింతపండు పులుసులో ఉడికించడం తెలుసు. కుండలో రాత్రి చేసి తెల్లవారి తిన్న పులుసు రుచి వేరు. ముక్క పులుపును పీల్చుకోవడానికి ఆ రాత్రి పడుతుంది. నా ఓటు అడిగితే పులుసుకు కొర్రమీను, వేపుడుకు శీలావతి, ముల్లు తీయడం చేతకానివారికి పంగస్. పంగస్ ముక్కకు ముల్లు లేదు నిజమే, మాటకు వస్తే రుచీ లేదు.

కాబట్టి నా ఆక్షేపణ చేప మీద కాదు, బోర్డు మీద. 'కొల్లేరు' అన్న మాట తీపి మాట. ఆ బోర్డు చూసి కడుపు నింపుకున్నవాడు, సరస్సు నిండుగా వుంది, చేపలు పుష్కలంగా వున్నాయి అనుకుని వెళ్ళిపోతాడు. ఇక సరస్సు సంగతి అడగడు. తీపి అబద్ధంతో వచ్చే నష్టం ఇదే. అది కడుపును పాడుచేయదు, ప్రశ్నను పాడుచేస్తుంది.

'నైట్' అంటే రాత్రి కాదు

ఇకపోతే సినిమా. 'ది డార్క్ నైట్' పేరులోని నైట్ అంటే రాత్రి అనుకునేవారు మనలో చాలామంది వున్నారు. అది రాత్రి కాదు, గుర్రమెక్కి కవచం తొడిగిన పాతకాలపు వీరుడు. చీకటి వీరుడు అన్నమాట. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్. బ్యాట్‌మ్యాన్ వేషం క్రిస్టియన్ బేల్‌ది, జోకర్ వేషం హీత్ లెడ్జర్‌ది. సినిమా 2008 జులైలో విడుదలైంది. లెడ్జర్ అంతకు ముందే, ఆ జనవరిలో, ఇరవై ఎనిమిదేళ్ళకే చనిపోయాడు. 2009లో ఆస్కార్ బహుమతి అతని పేరున అతని కుటుంబం అందుకుంది.

బ్యాట్‌మ్యాన్ 1939లో బొమ్మల పుస్తకంలో పుట్టాడు. 1966 నాటి అమెరికా టెలివిజన్ ధారావాహికలో అతనిదంతా రంగురంగుల హాస్యం. అలాంటివాడిని చీకట్లోకి తీసుకుపోవడం ఎందుకు? ఇక్కడ మన సినిమాతో పోల్చి చూస్తే సంగతి తేటపడుతుంది. 1980లో ఎన్.టి. రామారావు గారి 'సూపర్ మేన్' వచ్చింది. 2024లో ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో 'హను-మాన్' వచ్చింది. నలభైనాలుగేళ్ళ తేడా వున్నా రెండింటిలోనూ వీరుడికి శక్తి ఆంజనేయస్వామి దయవల్లనే వస్తుంది. దేవుడిచ్చిన బలం కాబట్టి 'నీకు ఈ అధికారం ఎవరిచ్చారు?' అని అడిగేవాడుండడు. హాలంతా వెలుతురు, ఈలలు. బ్యాట్‌మ్యాన్‌కు వరమూ లేదు, మహిమా లేదు. వున్నది తండ్రి సంపాదించిన డబ్బు, లోపల ఆరని కోపం. రాత్రిపూట ముసుగు వేసుకుని జనాన్ని కొట్టే హక్కు అతనికి ఎవరిచ్చారు? ఆ ప్రశ్న పుట్టిన క్షణం నుంచే సినిమా చీకటవుతుంది. చీకటంటే దీపాలు తగ్గించడం కాదు, వీరుడి మీద అనుమానం రావడం.

మాంత్రికుడూ, జోకరూ

జోకర్‌ను చూసి మనవాళ్ళు కొత్త వింత అన్నట్టు మురిసిపోయారు. ప్రతినాయకుడిని చూడ్డానికి టిక్కెట్టు కొనడం మనకు కొత్త కాదు. ఇప్పుడు మన ఏలూరు జిల్లాలో వున్న నూజివీడులోనే 1918లో ఎస్.వి. రంగారావు గారు పుట్టారు. 1951 నాటి 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడి కోసం జనం ఎన్నిసార్లు హాలుకు వెళ్ళి వుంటారో! ఆ కనుబొమ్మ, ఆ గొంతు, ఆ తీరిక – ఏ జోకర్‌కూ తీసిపోవు.

అయితే ఇద్దరికీ ఒక పెద్ద తేడా వుంది. మాంత్రికుడికి ఒక కోరిక వుంది. అతనికి ఆ ప్రతిమ కావాలి, దానికి సాహసవంతుడైన ఒక యువకుడిని బలి ఇవ్వాలి. కోరిక వున్నవాడితో బేరమాడవచ్చు, వాడిని మోసగించవచ్చు, చివరకు గెలవవచ్చు. జోకర్‌కు ఏమీ అక్కరలేదు. పర్వతమంత నోట్ల గుట్టకు నిప్పు పెడతాడు. తన మొహం మీది గాట్లకు ఒకసారి చెప్పిన కథ ఇంకోసారి చెప్పడు. అతనికి కావలసింది ఒక్కటే – 'మీరందరూ నాలాంటివాళ్ళే, పైపూత గోకితే చాలు' అని రుజువు చేయడం. ఈ తేడా తెలిస్తేనే లెడ్జర్ నటన ఎందుకు భయపెడుతుందో తెలుస్తుంది. ఊరికే నాలుక తడుపుకుని నవ్వితే జోకర్ కాడు. వార్షికోత్సవ వేదిక మీద ఏకపాత్రాభినయాలు చేసే మిత్రులు ఈ సంగతి గమనించాలి.

సినిమాలో లోపాలు లేకపోలేదు. నిడివి 152 నిమిషాలు. మధ్యలో హాంగ్‌కాంగ్ ప్రయాణం కొంత తగ్గినా నష్టం లేదు. ముసుగు వేసుకున్నప్పుడు బేల్ గొంతు బొంగురు చేసి మాట్లాడుతూ వుంటే, జలుబు చేసిందా అనిపిస్తుంది. పోరాటాల్లో ఎవరి చెయ్యి ఎవరిదో తెలియదు. అన్నింటికంటే పెద్ద లోటు, కథలో ముఖ్యమైన స్త్రీ ఒక్కతే. ఆవిడ చనిపోయేది కూడా ఇద్దరు మగవాళ్ళకు దుఃఖం కలిగించడానికే. పొయ్యిలోకి కట్టెగా వాడుకున్నారు ఆ పాత్రను.

రెండు పడవలు, ఒక అబద్ధం

ఇన్ని లోపాలున్నా ఈ సినిమాను నేను గొప్పదనడానికి కారణం చివరి అరగంట. రెండు పెద్ద పడవలు. ఒకదానిలో మామూలు పౌరులు, ఒకదానిలో ఖైదీలు. రెండింటిలోనూ జోకర్ బాంబులు పెట్టాడు. ఈ పడవను పేల్చే మీట ఆ పడవలో, ఆ పడవను పేల్చే మీట ఈ పడవలో వుంది. అర్ధరాత్రిలోగా ఎవరు ముందు నొక్కితే వాళ్ళు బతుకుతారు. ఎవరూ నొక్కకపోతే రెండూ పోతాయి. పౌరుల పడవలో చీటీలు వేస్తారు. నొక్కమనే చీటీలే ఎక్కువ. కానీ మీట చేతికి తీసుకున్నవాడు నొక్కలేక కింద పెట్టేస్తాడు. ఖైదీల పడవలో చూడ్డానికి క్రూరంగా వున్న ఒకడు ఆ మీటను తీసుకుని కిటికీలోంచి నీళ్ళలోకి విసిరేస్తాడు.

ఇది నమ్మేటట్టు లేదు, ఇంత మంచి జనం ఎక్కడున్నారు అని కొందరు మిత్రులు అంటారు. నాకు మాత్రం ఇది పచ్చినిజంగా తోచింది. పేరు లేని చీటీ మీద చంపమని రాయగలిగిన జనం, తమ చేత్తో ఆ పని చేయలేకపోయారు. చీటీకీ చేతికీ మధ్య వున్న ఈ ఎడమే మనిషిలో మిగిలిన మంచి. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని వుంది.

పడవల తరువాత ముగింపు. హార్వీ డెంట్ నిజాయితీపరుడైన ప్రాసిక్యూటరు, వూరికి ఆశాదీపం. దుఃఖంతో, పగతో హంతకుడై చనిపోతాడు. ఆ సంగతి తెలిస్తే వూరు కుప్పకూలుతుందని, ఆ హత్యలను బ్యాట్‌మ్యాన్ తన మీద వేసుకుంటాడు. పోలీసు అధికారి గోర్డన్ ఒప్పుకుంటాడు. వూరికి ఒక మంచి అబద్ధం దొరుకుతుంది. హాల్లో చాలామంది దీన్ని త్యాగమని చప్పట్లు కొట్టారు.

భారతం విని పెరిగిన మనకు ఇక్కడ ధర్మరాజు గుర్తుకు రావాలి. ద్రోణుడిని ఆపడానికి ఆయన చెప్పింది సగం అబద్ధమే, అదీ ఒక పక్షం గెలుపు కోసం. అయినా అంతవరకు నేలకు ఆనకుండా నడిచిన ఆయన రథం నేలకు దిగిపోయిందని మన కథ చెబుతుంది. మంచి కోసమే చెప్పినా ఖరీదు కట్టక తప్పలేదు. నోలన్‌కు కూడా ఈ లెక్క తెలుసు. 2012లో వచ్చిన తరువాతి చిత్రంలో ఎనిమిదేళ్ళు గడుస్తాయి. డెంట్ పేరు మీద చట్టం చేసి ఎందరినో జైల్లో కుక్కుతారు. చివరకు నిజం బయటపడుతుంది, అదీ వూరి మేలు కోరేవాడి నోట కాదు, శత్రువు నోట. మనం చెప్పకుండా దాచిన నిజాన్ని ఎప్పుడో ఒకప్పుడు మన శత్రువు చెబుతాడు. అప్పుడు దానికి రెట్టింపు బలం వుంటుంది.

కొల్లేరు బోర్డుకూ గోథమ్ నగరానికీ చుట్టరికం ఇదే. సరస్సు నిండుగా వుందని బోర్డు మీద చదువుకుంటూ ఎన్నేళ్ళు కూర్చున్నా, వరద వచ్చిన రోజున నీరే వచ్చి అసలు సంగతి చెబుతుంది.

ఇంకొక్క మాట. ఈ సినిమా విజయం చూసి, చీకటిగా తీస్తే చాలు లోతు వస్తుందనుకున్నవారు తరువాత ఎందరో. 2022 నాటి 'ది బ్యాట్‌మ్యాన్' దాదాపు మూడు గంటలు, అందులో చాలాభాగం వానే. పనితనం వుంది, కాదనను. కానీ కాకరకాయ కూరకు పప్పూ, నెయ్యీ, పెరుగూ తోడుండాలి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు వుంటుంది గానీ వేపపువ్వే పచ్చడి కాదు. 2008 చిత్రంలో ఆ ఖైదీ మీటను విసిరేసిన క్షణం బెల్లం ముక్క వంటిది. అందుకే ఆ చేదు మింగుడుపడింది.

ఎవరికి, ఎలా చెప్పాలి?

ఇంతకూ నిజం చెప్పాలి సరే, ఎలా చెప్పాలి? మా చదువుకునే రోజుల్లో ఒక చిన్న మెస్సు వుండేది. భర్త పోయిన ఒకావిడ, కూతురి సాయంతో నడిపేది. మేమంతా పిన్నిగారూ అనేవాళ్ళం. ఒక ఆదివారం రాత్రి నలుగురు విద్యార్థులకు వాంతులయ్యాయి. 'పిన్ని మెస్సులో నిన్నటి చేప పెట్టింది' అని తెల్లారేసరికి హాస్టలంతా పాకింది. వారం తిరిగేసరికి డెబ్బయిమంది వచ్చేచోట పదిహేనుమంది మిగిలారు. నిజానికి ఆ నలుగురూ ఆ రాత్రి తిన్నది వేరేచోట. ఆ సంగతి తేలేటప్పటికి మెస్సుకు తాళం పడింది. గిన్నెలు రిక్షాలో ఎక్కిస్తూ ఆవిడ అన్న మాట ఇది: "బాబూ, బాగోలేకపోతే నాతో చెప్పాలి గానీ, వూరందరికీ చెప్పి నాకొక్కదానికి చెప్పకపోతే నేనెలా దిద్దుకోనయ్యా?"

పేరు లేని చీటీలు ఆనాడు నోటిమాటగా తిరిగాయి. ఈనాడు ఫోనులో నక్షత్రాలుగా తిరుగుతున్నాయి. ఎవరు వేశారో తెలియని ఒక్క నక్షత్రం, పడవలో వేసిన చీటీ వంటిది. ఎదురుగా నిలబడి అదే మాట అనమంటే మనలో చాలామంది అనలేం. అనలేకపోవడం పిరికితనం కాదు. ఎదుటివాడు మనిషని ఆ క్షణంలో మనకు తెలుస్తుంది, అంతే.

అందుచేత నేనొక నియమం పెట్టుకున్నాను. చిన్నవాడికి చెప్పవలసింది చెవిలో చెప్పాలి, పెద్దవాడికి చెప్పవలసింది వేదిక మీద చెప్పాలి. ప్రపంచమంతటా వంద కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన సినిమాను మనం ఏమన్నా దానికి కందదు. దాన్ని నిర్దాక్షిణ్యంగా పరీక్షించవచ్చు, పరీక్షించాలి కూడా. ఇరవై ప్లేట్ల ఇడ్లీ మీద ఇల్లు నడుపుకునేవారి దగ్గర మాత్రం గల్లాపెట్టె పక్కన నిలబడి, 'బాబాయ్, ఇవాళ చట్నీలో ఉప్పు ఎక్కువైందండీ' అంటే సరిపోతుంది. కావాలని మోసం చేసేవాడు, కుళ్ళినది తెలిసి పెట్టేవాడు మాత్రం ఎంత చిన్నవాడైనా ఈ లెక్కలోకి రాడు. అక్కడ అందరికీ చెప్పవలసిందే, అయితే మన పేరు పెట్టి చెప్పాలి.

విద్యార్థి మిత్రులకు చివరగా ఒక చిన్న పని అప్పగిస్తున్నాను. ఈసారి 'కొల్లేరు చేపల పులుసు' బోర్డు వున్నచోట కూర్చున్నప్పుడు, వడ్డించే అతన్ని మర్యాదగా అడగండి: "ఇది సరస్సుదా, చెరువుదా అండీ?" 'చెరువుదేనండీ, పొద్దున్నే వచ్చింది' అంటే సంతోషంగా తినండి. అంతకంటే మంచి పులుసు మరొకటి వుండదు. 'ఏమోనండీ' అంటే, పర్వాలేదు, అతను ఇకమీదట తెలుసుకుంటాడు. రోజుకు పదిమంది అడిగితే, ఒకనాటికి బోర్డు మీది మాట మారుతుంది. బోర్డు మారితే సరస్సు నిండిపోదు, నిజమే. కానీ దాని గురించి మాట్లాడుకోవడమైనా మొదలవుతుంది.